ఎత్తు పెంచిన ఆఫ్‌రోడ్ వాహనానికి పెద్ద టైర్ల ఎంపిక

రహదారి లేని రాళ్ళు, బురద, ఇసుక నేలలపై నడపడానికి వీలుగా సస్పెన్షన్‌ను గాని, బాడీని గాని పైకి లేపిన నాలుగు చక్రాల చోదక (ఫోర్ వీల్ డ్రైవ్) వాహనాన్ని ఎత్తు పెంచిన వాహనం లేదా లిఫ్ట్ చేసిన వాహనం అంటారు. ఇటువంటి వాహనాలకు సాధారణంగా కంపెనీ అమర్చిన టైర్ల కంటే పెద్ద టైర్లు బిగిస్తారు. ఈ అలవాటు అమెరికాలో జీపు వాహనదారులలో ఎక్కువగా కనిపిస్తుంది. టైరు పరిమాణం మారినపుడు గేర్లు, బ్రేకులు, స్టీరింగు, స్పీడోమీటరు, వాహన స్థిరత్వం అన్నీ ప్రభావితమవుతాయి. కనుక టైరును విడిగా కాక, వాహనంలో ఒక భాగంగా చూసి ఎంపిక చేయవలసి ఉంటుంది.

పెద్ద టైర్ల అవసరం

సస్పెన్షన్ ఎత్తు పెంచితే చాసిస్, బాడీ పైకి లేస్తాయి. కాని గట్టి ఇరుసు ఉన్న వాహనాలలో ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. రాళ్ళకు ముందుగా తగిలేది చాలాసార్లు ఈ డిఫరెన్షియల్ గుండే. దానిని నేల నుండి పైకి లేపగలిగేది టైరు ఒక్కటే. టైరు వ్యాసం ఎంత పెరిగితే ఇరుసు అందులో సగం పైకి లేస్తుంది. ఉదాహరణకు 30.5 అంగుళాల టైరుకు బదులు 33 అంగుళాల టైరు వేస్తే డిఫరెన్షియల్ కింద 1.25 అంగుళాల జాగా అదనంగా లభిస్తుంది. ఎత్తు పెంచడం వలన కలిగే ముఖ్య ప్రయోజనం ఈ పెద్ద టైరు మడ్‌గార్డులో పట్టడానికి చోటు దొరకడమే.

పరిమాణాన్ని చదివే విధానం

టైరు పరిమాణాన్ని రెండు విధాలుగా సూచిస్తారు.

* మెట్రిక్ పద్ధతి: 245/75 ఆర్16 అనే గుర్తులో 245 అనునది టైరు వెడల్పు (మిల్లీమీటర్లు), 75 అనునది వెడల్పులో పక్కగోడ ఎత్తు శాతం, 16 అనునది రిమ్ము వ్యాసం (అంగుళాలు). పక్కగోడ ఎత్తు 245 × 0.75 = 183.75 మి.మీ., అనగా సుమారు 7.23 అంగుళాలు. పైన, కింద కలిపి 14.47 అంగుళాలకు రిమ్ము వ్యాసం కలిపితే టైరు వ్యాసం సుమారు 30.5 అంగుళాలు అవుతుంది.
* ఫ్లోటేషన్ పద్ధతి: 33×12.50 ఆర్15 అనే గుర్తులో 33 టైరు వ్యాసం, 12.50 వెడల్పు, 15 రిమ్ము వ్యాసం. మూడూ అంగుళాలలోనే ఉంటాయి.

వ్యవహారంలో చెప్పే అంకెకు, అసలు కొలతకు తేడా ఉండవచ్చు. 35 అంగుళాల టైరుగా పిలువబడే 315/70 ఆర్17 వ్యాసం లెక్క ప్రకారం 34.4 అంగుళాలు మాత్రమే.

ఎత్తుకు తగిన టైరు

వాహనం నిలిచి ఉన్నపుడు టైరు తగలకపోవడం చాలదు. ఒక చక్రం రాయిమీదకు ఎక్కినపుడు స్ప్రింగు పూర్తిగా అణగి టైరు మడ్‌గార్డులోనికి వెళుతుంది. ముందు చక్రాలను పూర్తిగా తిప్పినపుడు టైరు అంచు చాసిస్‌ను, కంట్రోల్ ఆర్మ్‌ను తాకవచ్చు. కావున స్ప్రింగు పూర్తిగా అణగిన స్థితిలోనూ, స్టీరింగును రెండు వైపులా చివరివరకు తిప్పిన స్థితిలోనూ పరీక్షించాలి. తగులుతున్నచోట బంప్ స్టాపులు పొడిగించడం, మడ్‌గార్డు అంచులు కత్తిరించడం, రిమ్ము ఆఫ్‌సెట్ మార్చడం చేస్తారు. అయితే రిమ్మును మరీ బయటకు జరిపితే చక్రపు బేరింగులపైనా, స్టీరింగు భాగాలపైనా భారం పెరుగుతుంది.

గేర్లు, వేగం

పెద్ద టైరు ఒక చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది. అందువలన ఇంజనుకు గేరు నిష్పత్తి తగ్గినట్లే అవుతుంది. 2003 మోడల్ జీప్ రాంగ్లర్ రూబికాన్‌కు 245/75 ఆర్16 టైర్లు, 4.11 నిష్పత్తి గల ఇరుసులు ఉండేవి. దీనికి 33 అంగుళాల టైర్లు వేస్తే పాత నిష్పత్తి 3.80గా పనిచేస్తుంది. ఫలితంగా పికప్ తగ్గుతుంది, ఎత్తులు ఎక్కేటపుడు తరచుగా గేరు తగ్గించవలసి వస్తుంది. మొదటి తీరు తిరిగి రావాలంటే 4.11 × 33 ÷ 30.5 = 4.45 నిష్పత్తి కావాలి. దొరికే వాటిలో దీని పైది 4.56. అదే 35 అంగుళాల టైరుకు 4.72 కావాలి; దానికి 4.88 సరిపోతుంది. క్రౌన్, పినియన్ మార్చినపుడు ముందు, వెనుక ఇరుసులు రెండింటిలోనూ ఒకే నిష్పత్తి ఉండాలి.

స్పీడోమీటరు కూడా తప్పు చూపుతుంది. పై ఉదాహరణలో అది 100 కి.మీ. చూపినపుడు వాహనం 108 కి.మీ. వేగంతో పోతూ ఉంటుంది. తిరిగిన దూరం కూడా తక్కువగా నమోదవుతుంది కనుక మైలేజీని సరిచేసి లెక్కించుకోవాలి.

బ్రేకులు, ఇరుసులు

పెద్ద టైరు బరువు ఎక్కువ, వ్యాసార్ధమూ ఎక్కువ. అదే బ్రేకు దానిని ఆపడానికి ఎక్కువ శ్రమపడాలి. వాహనం ఆగే దూరం పెరుగుతుంది. రాళ్ళ మధ్య చక్రం ఇరుక్కున్నపుడు ఆక్సిల్ షాఫ్టులు, యూనివర్సల్ జాయింట్లపై పడే మెలితిప్పు బలం కూడా పెరుగుతుంది. ఇరుసు తట్టుకోగల పరిమాణమే టైరుకు గరిష్ఠ పరిమితి.

రకాలు

* ఆల్ టెర్రెయిన్: రహదారి, మట్టిబాట రెండింటికీ పనికివస్తాయి. చప్పుడు తక్కువ.
* మడ్ టెర్రెయిన్: పెద్ద దిమ్మెలు, వాటి మధ్య వెడల్పైన సందులు ఉంటాయి. బురదను విదిలించివేస్తాయి. తడి తారురోడ్డుపై పట్టు తక్కువ, చప్పుడు ఎక్కువ. వీటిలో చాలావాటికి క్యూ వేగపు గుర్తు, అనగా గంటకు 160 కి.మీ. పరిమితి ఉంటుంది.

లోడ్ రేంజ్ సి, డి, ఇ అనునవి వరుసగా 6, 8, 10 ప్లై బలాన్ని సూచిస్తాయి. తేలికైన జీపుకు ఇ రకం టైరు బిగువుగా ఉండి కుదుపు కలిగిస్తుంది. ఇసుకలో, రాళ్ళలో గాలి తగ్గించి నడిపితే టైరు నేలను ఎక్కువ మేర అంటిపెట్టుకుంటుంది. రహదారి చేరగానే తిరిగి గాలి నింపాలి. తక్కువ గాలితో వేగంగా పోతే టైరు వేడెక్కి చీలిపోయే ప్రమాదం ఉంది.

స్టెప్నీ కూడా అదే పరిమాణంలో ఉండాలి. నాలుగు చక్రాల చోదకంలో ఉన్నపుడు ఒక చక్రం వేరే పరిమాణంలో ఉంటే ట్రాన్స్‌ఫర్ కేసు, డిఫరెన్షియళ్ళపై ఒత్తిడి కలుగుతుంది.

బోల్తాపడే ప్రమాదం

స్థిరత్వాన్ని అంచనా వేయడానికి చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని గరిమనాభి ఎత్తుతో భాగిస్తారు. ఉదాహరణకు చక్రాల మధ్య వెడల్పు 1500 మి.మీ., గరిమనాభి ఎత్తు 700 మి.మీ. అనుకుంటే విలువ 1.07. లిఫ్ట్, టైర్ల వలన ఆ ఎత్తు 770కి పెరిగితే విలువ 0.97కు పడిపోతుంది. పక్కవాలుపై ఒరిగిపోయే కోణం కూడా లెక్క ప్రకారం 47 డిగ్రీల నుండి 44 డిగ్రీలకు తగ్గుతుంది. స్ప్రింగులు, టైర్లు అణగడం వలన నిజమైన హద్దు ఇంకా తక్కువ. కనుక అవసరమైన టైరు పట్టడానికి చాలినంత ఎత్తు మాత్రమే పెంచడం క్షేమకరం. రహదారిపై హఠాత్తుగా పక్కకు తిప్పవలసి వచ్చినపుడు ఈ తేడా ప్రాణాలమీదకు తెస్తుంది.

చట్టం

అమెరికాలో లిఫ్ట్ ఎత్తు, మడ్‌గార్డుల విషయమై ఒక్కొక్క రాష్ట్రానికి ఒక్కొక్క నియమం ఉంది. భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని ధ్రువపరచింది. 2020లో వచ్చిన రెండవ తరం మహీంద్రా థార్‌కు రకాన్ని బట్టి 245/75 ఆర్16 లేదా 255/65 ఆర్18 టైర్లను కంపెనీయే అమర్చింది. వ్యాసంలో ఈ రెంటికీ తేడా సుమారు అర అంగుళమే.

ఇవి కూడా చూడండి

* జీపు
* టైరు
* డిఫరెన్షియల్
* గరిమనాభి