తవుడు బేరంలో ఎంజైముల పాత్ర

మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట ప్రాంతాల తవుడు బేరంలో నూనె శాతం ఒక్కటే చూస్తే చాలదు. ఆమ్లత, అంటే వర్తకులు ఎఫ్.ఎఫ్.ఏ. అనేది, అంతకంటే త్వరగా ధరను మారుస్తుంది.

సాగర్ ఎడమ కాలువ కింద పండిన ధాన్యం మరపడితే క్వింటాలుకు 5 నుంచి 8 కిలోల తవుడు దిగుతుంది. గింజ మరలో పడేవరకు తవుడు పొరలోని నూనె, లైపేజ్ అనే ఎంజైము విడివిడిగా ఉంటాయి. మరపట్టగానే రెండూ కలిసి, నూనె విరిగి కొవ్వు ఆమ్లాలు పుడతాయి. వానాకాలపు ఉక్కలో ఆమ్లత రోజుకు 5 శాతం పైగా కూడ పెరగవచ్చును. లారీ రెండు రోజులు ఆలస్యమయితే, దళారి కుదిర్చిన ధర సాల్వెంట్ ప్లాంటు గేటు దగ్గర నిలవదు.

ఉప్పుడు తవుడుకు ఈ బెడద తక్కువ. ధాన్యం ఉడికినప్పుడే లైపేజ్ చస్తుంది. పచ్చి తవుడులో నూనె 12–18 శాతం కాగా, ఇందులో 20 శాతం దాటుతుంది. అయితే తడి తగిలితే బూజు తన లైపేజ్‌ను తానే తెస్తుంది. గోదాము కప్పు కారుతూ ఉంటే ఉప్పుడు తవుడని ధీమా పనికిరాదు.

చెరిచేది ఒక ఎంజైమయితే, బాగుచేసేది మరొకటి. ఆమ్లత 10 శాతమున్న నూనెను కాస్టిక్ సోడాతో శుద్ధి చేస్తే, దాదాపు అంతకు రెట్టింపు నూనె సబ్బుమడ్డిలో పోతుంది. ఆవిరితో ఆమ్లాలను లాగే పద్ధతిలో ఆ నష్టం బాగా తగ్గుతుంది. లాగిన ఆమ్లాలు కూడ అమ్ముడవుతాయి. కాని ముందుగా నూనెలోని జిగురు పోవాలి, లేకుంటే రంగు ముదురుతుంది. నీటికి లొంగని జిగురును సూక్ష్మజీవుల నుంచి తీసిన ఫాస్ఫోలైపేజ్ నీటికి లొంగేలా విరుస్తుంది. తవుడు నూనెకు ఈ పద్ధతిని హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐ.ఐ.సి.టి.) రూపొందించింది.

సోయా సంగతి వేరు. ఆ పంట ఆదిలాబాద్, నిజామాబాద్ వైపుది. గింజ గోడలను ఎంజైములతో కరిగించి, హెక్సేన్ లేకుండా నీటితోనే నూనెను, మాంసకృత్తులను తీయవచ్చును. కాని నూనె మజ్జిగలా నీటిలో కలిసిపోతుంది. దానిని విడదీసే ఖర్చు ఎక్కువ. హెక్సేన్ అయితే పిండిలో 1 శాతం నూనె కూడ మిగల్చదు. అందుచేత పెద్ద మిల్లులు సాల్వెంటునే పట్టుకున్నాయి.

నూనె తీసిన తవుడు ధర మాత్రం పశుదాణా గిరాకీని, ప్రభుత్వ ఉత్తర్వులను బట్టి నడుస్తుంది. 2023 జూలైలో కేంద్రం దాని ఎగుమతిని నిషేధించినప్పుడు ప్లాంట్లు పచ్చి తవుడు కొనే లెక్కలు కూడ మార్చుకోవలసి వచ్చింది.