పావు మైలు కోసం పుట్టిన టైరు

డ్రాగ్ రేసు మలుపులు లేని పోటీ. నిలిచి ఉన్న రెండు కార్లు పచ్చదీపం వెలగగానే బయలుదేరి పావు మైలు దూరం, అంటే సుమారు 402 మీటర్లు, తిన్నగా పరిగెత్తుతాయి. ముందుగా గీత దాటిన కారుదే గెలుపు. ఇంత సరళమైన పోటీలో ఇంజను శక్తే సర్వస్వమని తోచడం సహజమే గాని, ఆ శక్తి ఎంతటిదైనా వెనుక టైర్లు నేలను తాకే రెండు చిన్న జాగాల గుండానే బయటికి రావలసి ఉన్నందున, డ్రాగ్ రేసు చరిత్రను ఇంజన్ల చరిత్రగా కంటే రబ్బరు చరిత్రగా చదవడమే సమంజసం.

టైరు నేలను పట్టుకొని నెట్టగల గరిష్ఠ బలానికీ, దానిపై పడే బరువుకూ గల నిష్పత్తిని ఘర్షణ గుణకం అంటారు. ఘర్షణ బలం బరువుకు అనులోమంగా ఉంటుందనీ, తాకే వైశాల్యంతో దానికి సంబంధం లేదనీ ఫ్రెంచి శాస్త్రవేత్త గియ్యోమ్ అమోంతాన్ 1699లో ప్రకటించిన సూత్రాలు లోహానికి, చెక్కకు చక్కగా వర్తిస్తాయి. రోడ్డు టైర్ల విషయంలో ఈ గుణకం 1 దరిదాపుల్లోనే ఆగిపోతుందని తొలినాళ్లలో పలువురు భావించారు. అదే నిజమైతే, కారు బరువంతా వెనుక చక్రాల మీదే పడినా దాని త్వరణం భూమ్యాకర్షణ త్వరణాన్ని మించడానికి వీలులేదు. ఆ లెక్కన పావు మైలుకు కనీసం 9.06 సెకన్లు పట్టాలి, గీత దగ్గర వేగం గంటకు 320 కిలోమీటర్ల వద్ద ఆగాలి. అయితే 1964లో డ్రాగ్ రేసర్ డాన్ గార్లిట్స్ న్యూజెర్సీలో 7.78 సెకన్లలో పరుగు ముగించి, గంటకు 201 మైళ్ల వేగాన్ని, అంటే సుమారు 324 కిలోమీటర్లను, అందుకున్నాడు. లెక్కలో తప్పు లేదు. తప్పంతా గుణకం గురించిన ఊహలోనే ఉన్నది.

రబ్బరు గట్టి పదార్థం కాకపోవడమే ఇందుకు కారణం. తారు ఉపరితలంలోని కంటికి కనిపించని గుంటల్లోకి అది ఒదిగిపోతుంది. రబ్బరు అణువులు నేలకు అంటుకొని ఊడిపోతూ ఉండడం వల్ల ఒక రకం పట్టు, గరుకు రాళ్ల మీద రబ్బరు నలిగి తిరిగి సాగేటప్పుడు కొంత శక్తి వేడిగా నష్టపోవడం వల్ల మరొక రకం పట్టు పుడతాయి. అంతేగాక, చదరపు అంగుళంపై పడే ఒత్తిడి పెరిగేకొద్దీ రబ్బరు ఘర్షణ గుణకం తగ్గుతుంది కనుక, అమోంతాన్ సూత్రానికి విరుద్ధంగా, అదే బరువును ఎక్కువ వైశాల్యం మీద పరిచిన వెడల్పాటి మెత్తని టైరుకు ఎక్కువ పట్టు దొరుకుతుంది.

ఈ సత్యం ఆచరణలోకి వచ్చింది షెడ్లలోనే. రెండవ ప్రపంచయుద్ధానంతరం దక్షిణ కాలిఫోర్నియాలోని ఎండిన సరస్సుల మీద వేగ పరీక్షలు జరిపిన యువకులు, 1950లో శాంటా ఆనా విమానాశ్రయపు రన్‌వే మీద వ్యాపార ప్రాతిపదికన డ్రాగ్ పోటీలు మొదలయ్యాక అటువైపు మళ్లారు; మరుసటి ఏడాదే వాలీ పార్క్స్ ఈ పోటీలను నిర్వహించే నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించాడు. అప్పటికి వారికి అందుబాటులో ఉన్నది రీట్రెడింగ్ చేసిన టైరు, అంటే అరిగిన టైరుపై కొత్త రబ్బరు పట్టీ అతికించినది. గాడులు చెక్కకుండా ఆ పట్టీని నున్నగా వదిలేస్తే, అదే తొలి స్లిక్. టైరు మీది గాడులు వాననీటిని పక్కకు తోయడానికే ఉన్నవి. పొడి ట్రాక్ మీద అవి నేలను తాకవలసిన రబ్బరును తగ్గించడం తప్ప చేసేదేమీ లేదు. అయితే లోపలి టైరు మామూలు రోడ్డు టైరే కావడంతో, అతికిన పట్టీ వేగానికి ఊడిపోయే ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉండేది. ఈ కొరతను తీర్చినవారు మసాచుసెట్స్ రాష్ట్రం వాటర్‌టౌన్‌కు చెందిన తండ్రీకొడుకులు హ్యారీ, మార్విన్ రిఫ్కిన్. 1950ల చివర వారు తమ పేర్ల తొలి అక్షరాలతో తెచ్చిన ఎం అండ్ హెచ్ రేస్‌మాస్టర్‌ను, పూర్తిగా డ్రాగ్ రేసు కోసమే రూపొందిన మొదటి టైరుగా సాధారణంగా పేర్కొంటారు.

తర్వాతి మలుపు రబ్బరులో రాలేదు, టైరు పక్క గోడలో వచ్చింది. 1960ల మధ్యలో పలుచని, మెత్తని సైడ్‌వాల్ గల స్లిక్‌లు వచ్చాయి. రోడ్డు కారు టైరులో చదరపు అంగుళానికి 30 పౌండ్ల పైన గాలి ఉంటే, డ్రాగ్ రేసులో అత్యంత వేగవంతమైన తరగతికి చెందిన నేటి టాప్ ఫ్యూయల్ కార్ల 36 అంగుళాల వెనుక టైరులో ఆరేడు పౌండ్లే ఉంటుంది. కారు కదిలే క్షణంలో రిమ్ము ముందుగా తిరుగుతుంది, నేలను అంటిన రబ్బరు వెనుకబడుతుంది. వాటి మధ్య పక్క గోడ పిండిన తడిబట్టలా ముడతలు పడి ఇంజను దెబ్బను ఒక్కసారిగా నేల మీదికి పోనివ్వకుండా కాస్త ఆపి అందిస్తుంది, ఆలోగా నేలను తాకే జాగా కూడా పొడవవుతుంది. వేగం పెరిగాక టైరు వెలుపలికి సాగి ఎత్తవుతుంది. చుట్టుకొలత పెరగడం వల్ల గేరు మార్చిన ఫలితమే లభిస్తుంది. ఒకే వస్తువు క్లచ్చుకు సాయపడి, గేరుపెట్టెగా కూడా పనిచేయడం యంత్ర చరిత్రలో అరుదైన పొదుపు.

స్పోర్ట్స్ కారుకు డ్రాగ్ టైర్లు, చక్రాలు ఎంచుకునే ఇప్పటి పద్ధతి ఈ చరిత్ర నుండే పుట్టింది. డాడ్జ్ కంపెనీ ఛాలెంజర్ కార్లు దీనికి మంచి ఉదాహరణ. హెల్‌క్యాట్ నమూనాకు 275/40 ఆర్20 టైర్లు ఉండేవి: వెడల్పు 275 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 40 శాతం, రిమ్ము వ్యాసం 20 అంగుళాలు. 2018 నమూనా డీమన్‌కు 315/40 ఆర్18, 2023లో వచ్చిన డీమన్ 170కి వెనుక 315/50 ఆర్17 అమర్చారు. రిమ్ము చిన్నదవుతూ వచ్చిన కొద్దీ పక్క గోడ 110 నుండి 126కు, అక్కడి నుండి దాదాపు 158 మిల్లీమీటర్లకు పెరిగింది. పెద్ద రిమ్ము అందమని నమ్మే కార్ల మార్కెట్టులో ఒక కంపెనీ వెనక్కి నడవడం విశేషమే. మొదటి డీమన్‌కు కంపెనీ ప్రకటించిన పావు మైలు కాలం 9.65 సెకన్లు, రెండవదానికి 8.91. ఈ తేడాలో 840 నుండి 1,025కు పెరిగిన అశ్వశక్తి వాటా పెద్దదే గాని, ఆ టైర్లు లేనిదే అది పొగగా పోయేది.

చిన్న రిమ్ముకు మరో లాభం బరువు. చక్రపు అంచున ఉన్న ప్రతి కిలోనూ ముందుకు తోయడమే గాక తిప్పవలసి కూడా ఉన్నందున, త్వరణం లెక్కలో అది దాదాపు రెండు కిలోలతో సమానం. బయలుదేరేటప్పుడు బరువంతా వెనక్కి వాలడం వల్ల ముందు చక్రాలకు పట్టుతో పెద్ద పని లేదు. అందుకే వాటిని సన్నగా, తేలికగా ఎంచుకుంటారు. అయితే బ్రేకు డిస్కు పెద్దదైతే చిన్న రిమ్ము పట్టదు. రిమ్ము లోపలి అంచుకూ, అది హబ్బుకు బిగిసే ముఖానికీ మధ్య దూరాన్ని బ్యాక్‌స్పేసింగ్ అంటారు. ఇది సరిపోకపోతే వెడల్పాటి టైరు లోపల సస్పెన్షన్‌కో, బయట ఫెండరుకో రాసుకుంటుంది. వేగంలో టైరు పెరిగే జాగా కూడా ముందే విడిచిపెట్టాలి. తక్కువ గాలితో టైరు రిమ్ము మీద జారకుండా స్క్రూలతో గాని, బీడ్‌లాక్ అనే బిగింపు వలయంతో గాని పట్టి ఉంచుతారు.

మిగిలింది టైరు నిర్మాణం. దారాలు ఏటవాలుగా ఒకదానినొకటి దాటే బయాస్ టైరు పక్క గోడ బాగా మెత్తన. క్లచ్చు దెబ్బను ఓర్చుకుంటుంది, ఒకసారి జారినా మళ్లీ పట్టు దొరకబుచ్చుకుంటుంది. దారాలు అడ్డంగా, పైన ఉక్కు పట్టీలతో ఉండే రేడియల్ తక్కువ శక్తిని మింగి, అధిక వేగంలో నిలకడగా సాగుతుంది, కాని జారితే క్షమించదు. అందుకని ఆటోమేటిక్ గేర్ల కార్లకే ఎక్కువగా నప్పుతుంది. వెనుక బయాస్, ముందు రేడియల్ కలిపి వాడితే కారు నిలకడ చెడవచ్చు కనుక తయారీదారులు దానిని ప్రోత్సహించరు.

స్వయంగా నడుపుకుంటూ ట్రాక్‌కు వెళ్లే కారుకు అమెరికా రవాణా శాఖ ముద్ర గల డ్రాగ్ రేడియల్, ట్రైలర్ మీద తీసుకుపోయే కారుకు స్లిక్ తగినవి. లోతులేని గాడులతో మెత్తని రబ్బరుతో ఉన్న డ్రాగ్ రేడియల్ రోడ్డుకు అనుమతి పొందినదే అయినా, నీరు నిలిచిన రోడ్డు మీద నేలను వదిలి తేలిపోతుంది, చలికి గట్టిపడుతుంది. వాన పడుతున్న రోజున దానితో ఇంటికి తిరుగు ప్రయాణం పెట్టుకోకూడదు.