ఆముదపు చెట్టు పేర్లు - వాని యర్థములు

మెట్టభూములు గల రైతులకు ఆముదపు పైరును గూర్చి క్రొత్తగ జెప్పవలసినది లేదు. కాని దాని పేర్ల యర్థములు తెలిసికొనినయెడల దాని గుణమును, దానివలన పశువులకు రాదగిన యపాయమును సులభముగ జ్ఞాపకముంచుకొనవచ్చును.

ఈ చెట్టునకు శాస్త్రనామము 'రిసినస్ కమ్యూనిస్'. మొదటి మాట జాతినామము. రెండవదానికి 'సర్వసామాన్యము' అని యర్థము. స్వీడను దేశస్థుడగు లిన్నేయస్ పండితుడు 1753 సంవత్సరమున దీనిని స్థిరపరచెను. పశువుల నంటుకొని రక్తము పీల్చు పిడుదునకు లాటిను భాషలో 'రిసినస్' అని పేరు. ఆముదపు గింజను అరచేత నుంచుకొని చూచినచో కారణము తెలియగలదు. నునుపైన పొట్ట, మచ్చలు, కొనయందు తలవంటి బుడిపె, అన్నియు నుబ్బిన పిడుదును బోలియుండును. గ్రీకులు దీనిని 'క్రోటన్' అనిరి. ఆ మాటకును పిడుదనియే యర్థము.

మన దేశమువారు గింజకంటె ఆకును, గుణమును ఎక్కువగ గమనించిరి. సంస్కృతమున దీనికి ఏరండమని పేరు. హిందీలోని అరండీ దానినుండియే పుట్టినది. ఆకు చేతివ్రేళ్లవలె చీలియుండుటచే పంచాంగులమనియు గంధర్వహస్తమనియు, వాతమును హరించునని వాతారియనియు నందురు. ఐరోపావారును ఆకునుబట్టియే 'క్రీస్తు అరచేయి' యను నర్థమిచ్చు లాటిను పేరుతో దీనిని పిలిచిరి.

పేరునుబట్టి మోసపోవుటయు గలదు. లిన్నేయస్ 'క్రోటన్' అను పేరును వేరొక జాతికిచ్చెను. మిక్కిలి తీవ్రమగు విరేచనకారియైన నేపాళము ఆ జాతిలోనిది. కంచెలకు నాటు అడవి ఆముదము 'జాట్రోఫా' జాతిది. ఆ గ్రీకు మాటకు 'వైద్యుని యాహారము' అని యర్థమైనను దాని గింజలు విషము. పిల్లలను వాని దరిజేరనీయరాదు.

ఆముదపు గింజలోని విషమునకు జాతినామమునుబట్టియే 'రిసిన్' అని పేరు వచ్చినది. 1888 సంవత్సరమున స్టిల్‌మార్క్ అను వైద్యుడు దీనిని వేరుపరచి ఆ పేరు పెట్టెను. గింజలను గానుగాడునప్పుడు ఈ విషము నూనెలోనికి దిగక పిండిలోనే నిలిచిపోవును. కావున ఆముదము మందుగ నుపయోగపడినను, ఆముదపు పిండిని తెలకపిండివలె పశువుల తొట్టిలో వేయరాదు. పొలమునకు మాత్రము అది మంచి యెరువు. నూటికి నాలుగైదు పాళ్లు నత్రజని గలది. ఎరువునకై తెచ్చిన పిండిని దాణాకు దూరముగ, వేరు గదిలో నుంచవలయును. పిడుదు పశువు రక్తమును పీల్చును. ఆ పేరుగల గింజ పిండి పశువు ప్రాణమునే తీయగలదని రైతులు మరువరాదు.