మట్టి మిద్దె కింద మధ్యాహ్నం

బళ్ళారిలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం వింత కాదు. 1953లో ఈ ఊరు మైసూరు రాష్ట్రంలో కలిసింది గాని, ఎండ మాత్రం అనంతపురం ఎండే. ఇల్లు కట్టే తీరూ అదే. పాత వీధుల్లో మిగిలిన మట్టి మిద్దెలు చూస్తే తెలుస్తుంది.

మిద్దెకు ముందు మందపాటి గోడలు లేస్తాయి. వాటి మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలు, ఆపైన పుల్లలు, ఆకు పరిచి జానెడు మందాన మట్టి తొక్కుతారు. అన్నిటికీ పైన చవుడు. ఈ ఉప్పుమట్టి గుణమేమంటే, వాన తగలగానే పైపొర మెత్తబడి సందులు పూడుకుపోతాయి. నీరు లోపలికి దిగదు. ఏటా తొలకరికి ముందు కొత్త చవుడు వేయవలసిందే. ఆ పని బద్ధకించిన ఇల్లు కారక మానదు.

మధ్యాహ్నపు ఎండ అంత మట్టిని దాటి లోపలికి దిగడానికి గంటలు పడుతుంది. దిగేసరికి బయట చల్లబడి ఉంటుంది, అప్పుడు ఇంటిల్లిపాదీ మిద్దె మీదే పక్కలు వేసుకునేవాళ్లం. నాలుగైదు అంగుళాల కాంక్రీటు స్లాబు సంగతి వేరు. సాయంత్రానికే కాగిపోయి, పడుకునే వేళకు ఆ వేడంతా మన నెత్తిన దించుతుంది.

అలాగని మట్టి మిద్దెను ఊరికే పొగడను. మూడేళ్ల కిందట మా తమ్ముడి కొడుకు, "పెదనాన్నా, మీటరు చదరానికి మూడు క్వింటాళ్ల మట్టి ఉంది నెత్తిన. ఏ వానకు దిగుతుందో! అవ్వ పడుకునేది దాని కిందే కదా" అన్నాడు. వాడి మాట కొట్టివేసేది కాదు. 84 ఏళ్ల మా అమ్మ మాత్రం "నా గది జోలికి రావద్దు" అంది.

వడ్రంగిని పిలిపించాం. దూలం నడుమ చూస్తే ఏమీ తెలియదట. గోడలో దిగిన చివర్లు చూడాలి. తేమ, చెద చేరేది అక్కడే. ఉలితో గుచ్చితే ముందు గదిలో రెండు చివర్లు పిండిలా రాలాయి. ఆ గదికి మిద్దె దించి స్లాబు వేశాం, స్లాబు పైన తెల్లగా సున్నం రెండు పూతలు. తెలుపు ఎండను తిప్పికొడుతుంది గనుక కొంత మేలే, నడిమింటితో సాటి రాదు. నడిమింటి దూలాలు గట్టిగా ఉన్నాయి, అమ్మ గెలిచింది. ఏటా వానలకు ముందు ఆ చివర్లు గుచ్చి చూడాలన్నది మాత్రం మా అబ్బాయి పెట్టిన షరతు.

యానాం, చెన్నై, బరంపురం వైపు చదువరులకు ఒక మాట. కిటికీకి తడిపిన వట్టివేళ్ల తడిక కట్టడం మా బళ్ళారికీ, షోలాపూరుకూ పనికొస్తుంది. గాలి పొడిగా ఉంటేనే నీరు ఆవిరై చల్లబరుస్తుంది. సముద్రపు తేమలో అది ఉక్కపోతను పెంచుతుంది. మీకు కావలసింది గాలి ఆడటం: ఎదురెదురు కిటికీలు, వెడల్పాటి చూరు, వీలైతే నడుమ మండువా. మేము ఉదయం తొమ్మిదికే తలుపులు మూసి, చీకటి పడ్డాక తీస్తాం. ఎక్కడైనా సరే, పడమటి కిటికీకి ఎండను బయటే ఆపాలి. అద్దం దాటి వచ్చాక లోపల తెర వేసి లాభం తక్కువ.

ఈ ఏటికి రెండు ట్రాక్టర్ల చవుడు చెప్పి ఉంచాం. తోలేవాళ్లు దొరకడమే కష్టంగా ఉంది.