అరచేతిలో సరస్వతి

రోజూ ఒకే వరుసన పాఠం నడిపితే పిల్లల బుర్రలు మొద్దుబారిపోతాయని కొందరంటారు. వరుస తప్పితే చదువే సాగదని మరికొందరు. ఈ తగవు ఈనాటిది కాదు. రెండువందల యేళ్ల క్రిందటి మా సీమ బడులే దీనికి సాక్ష్యం చెబుతాయి.

ఒకప్పుడు దత్తమండలాల కలెక్టరుగా పనిచేసిన సర్ థామస్ మన్రో, మద్రాసు గవర్నరయ్యాక, 1822లో జిల్లాల్లోని బడుల వివరాలు పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. మా ఒంటిమిట్ట ఉన్న కడప జిల్లాకు ఆ రోజుల్లో పొరుగునే ఉండేది బళ్లారి జిల్లా. అక్కడి కలెక్టరు కాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక ఆనాటి బడిని కళ్లకు కట్టిస్తుంది. ఆ జిల్లాలో బడులు 533, చదువుకునేవారు 6,641 మంది.

బడి ఉదయం ఆరు గంటలకే మొదలు. అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్న, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా పెరిగేవి! తరువాత పిల్లల్ని తరగతులుగా విడదీసి, చిన్నవాళ్లను పెద్ద పిల్లలకు అప్పగించి, పెద్దవాళ్లను పంతులు స్వయంగా చూసుకునేవాడు. ఓనమాలు నేలమీద ఇసుకలో వేలితో దిద్దించేవారు. పలకా అక్కరలేదు, కాగితమూ అక్కరలేదు.

ఇటువంటి పద్ధతే అప్పటికి సీమ దాటి, సముద్రమూ దాటింది. 1789లో మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమాన్ని చేపట్టిన ఆండ్రూ బెల్, ఇక్కడి పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి తన బడిలో పెట్టాడు. పిల్లలచేతనే పిల్లలకు చెప్పించాడు. 1797లో లండనులో దాన్ని గురించి పుస్తకం వేశాడు. ఇంగ్లండులో దానికి ‘మద్రాసు పద్ధతి’ అని పేరు వచ్చింది.

కాంబెల్ కూడా ఈ పొదుపునూ, పిల్లలచేత పిల్లలకు చెప్పించడాన్నీ మెచ్చుకున్నాడు. కాని ఒక్క లోపం దాచలేదు: పిల్లలు పద్యాలు గడగడా అప్పజెబుతారు గాని, వాటి అర్థం చిలకకు తెలిసినంతే తెలుసునన్నాడు.

లోపం వరుసలో లేదు. ఆ వరుసలో అర్థానికి చోటు లేకపోవడంలో ఉంది. ఒంటిమిట్ట రామాలయాన్ని ఉద్ధరించిన వావిలికొలను సుబ్బారావుగారు (1863-1936) వాల్మీకి రామాయణాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చి ఊరుకున్నారా? ‘మందరం’ అనే వ్యాఖ్యానం కూడా రాశారు.

నేను కాలేజీలో తెలుగు చెబుతాను. మా పల్లెల నుంచి వచ్చే పిల్లల్లో చాలామందికి ఇంటిదగ్గర పాఠం చెప్పేవారుండరు. అటువంటివారికి తరగతిలోని వరుసే ఊతకర్ర. అందుకని మొదటి అయిదు నిమిషాలు నిన్నటి పాఠంమీద ప్రశ్నలు, తరువాత పద్యం నేను చదువుతాను, వాళ్లు చదువుతారు, పదాలు విడదీస్తాం, చివరకు ఒకరు లేచి తాత్పర్యం సొంత మాటల్లో చెప్పాలి. రోజూ ఇంతే. ‘తరువాత ఏమడుగుతారో’ అనే బెదురు పోయేసరికి, వెనకబెంచీ పిల్ల కూడా నోరు విప్పుతుంది.

అమ్మలకూ నాన్నలకూ నా మనవి ఒక్కటే. మీ అబ్బాయి పద్యం తప్పులేకుండా అప్పజెబితే సంతోషించండి. సంతోషించి, “ఏదీ, చెల్లాయికి అర్థమయ్యేలా చెప్పు నాయనా” అని కూడా అడగండి.