పియానోను విడువని పిల్ల

న్యూయార్క్ నగరంలో, మన్‌హట్టన్ నడిబొడ్డున, 43వ వీధిలో మన్‌హట్టన్ ప్లాజా అనే ఎత్తయిన భవనసముదాయం ఉన్నది. నాటకాన్నీ సంగీతాన్నీ నమ్ముకొని బ్రతికేవారికి అక్కడ ఆదాయాన్నిబట్టి అద్దె. అందులోని ఒక చిన్న ఇంట్లో తల్లీకూతుళ్ళు ఇద్దరే కాపురముండేవారు. తల్లి న్యాయవాదుల కార్యాలయంలో సహాయకురాలు. అవకాశం వచ్చినప్పుడు నటి. ఇల్లు మారుతున్న మిత్రులెవరో ఇచ్చిపోయిన పాత పియానో ఒకటి ఆ ఇంటికి చేరింది.

1981 జనవరి 25న పుట్టిన ఆ బాలిక అసలు పేరు అలీషియా అజెల్లో కుక్. ఏడవ ఏట పియానో పాఠాలు మొదలైనాయి. కిటికీ అవతల వీధిలో హిప్‌హాప్ హోరు. లోపల బీథోవెన్, షోపాన్. ఈ రెండింటిలో ఒకదానిని వదులుకోవాలని ఆమెకు ఎన్నడూ తోచలేదు. పద్నాలుగవ ఏట ‘బటర్‌ఫ్లైజ్’ అనే పాట కట్టింది. పదహారవ ఏట తరగతిలో ప్రథమురాలిగా పాఠశాల చదువు ముగించింది. కొలంబియా విశ్వవిద్యాలయంలో ప్రవేశం దొరికింది. కొలంబియా రికార్డ్స్ సంస్థతో ఒప్పందమూ కుదిరింది. పేరు ఒకటేగాని ఆ రెంటికీ సంబంధం లేదు, పొత్తూ కుదరలేదు. కొద్ది వారాలకే ఆమె చదువు మానివేసి పాటను ఎంచుకున్నది.

అసలు చిక్కు అక్కడే వచ్చిపడింది. నిర్మాతల దృష్టిలో ఆమె ఒక కంఠం మాత్రమే. గాజుగదిలో నిలబడి చెప్పింది పాడితే చాలునన్నట్లు ఉండేదని ఆమె తరువాతి కాలంలో చెప్పుకున్నది. అప్పుడు ఆమె తన సహచరుడు కెరీ బ్రదర్స్ ప్రోత్సాహంతో పరికరాలు కొనుక్కొని, ధ్వనిముద్రణ విద్యను స్వయంగా అభ్యసించి, ఇంట్లోనే పాటలు రికార్డు చేయసాగింది. ఆ పాటలు సంస్థకు రుచించలేదు. ఇరవై ఏళ్ళైనా నిండని పిల్ల, ఇంకా అచ్చుకాని ఆల్బమ్, ఎదుట మహాసంస్థ!

ఆ సమయంలో ఆమెను విన్నవాడు క్లైవ్ డేవిస్. విట్నీ హ్యూస్టన్‌ను లోకానికి పరిచయం చేసిన అనుభవశాలి. ఆయన ఆమెను పాత ఒప్పందం నుండి విడిపించి, తాను నడుపుతున్న అరిస్టా సంస్థలో చేర్చుకున్నాడు. విధి చూడండి: 2000లో ఆయనకే అరిస్టాలో పదవి పోయింది. ఆయన జె రికార్డ్స్ అనే కొత్త సంస్థ స్థాపించగా, ఆమె వెంట నడిచింది.

2001 జూన్‌లో ‘సాంగ్స్ ఇన్ ఎ మైనర్’ వెలువడింది. అప్పటికి ఆమె అలీషియా కీస్. కీస్ అంటే పియానో మెట్లు. పేరులో శ్లేష ఉన్నది. ‘ఎ మైనర్’ ఒక స్వరశ్రేణి. మన నఠభైరవి మేళానికి దగ్గరి చుట్టం. ‘మైనర్’ అంటే యుక్తవయస్సు రానివారు కూడా. ఆల్బమ్ తెరుచుకునేది బీథోవెన్ ‘మూన్‌లైట్ సొనాటా’ ఛాయతో. రిథమ్ అండ్ బ్లూస్ పేరుతో వచ్చిన రికార్డుకు ఇది వింత ప్రవేశమే. 1949లో ‘బిల్‌బోర్డ్’ పత్రిక నల్లజాతివారి సంగీతానికి అంతకుముందున్న జాతిసూచకమైన పేరును తొలగించి ఈ పేరు పెట్టింది. ‘ఫాలిన్’ పాట వాద్యమేదీ లేకుండా ఒంటరి గొంతుతో మొదలై, రెండంటే రెండు స్వరమేళనాల మీద ఊగుతుంది. ప్రార్థనామందిరపు గానఫణితిని ప్రేమవేదనకు అంత పొదుపుగా వాడుకున్న పాటలు అరుదు.

రేడియోలో చోటు దొరకడం కష్టమని డేవిస్ ఎరుగును. అందుచేత టెలివిజన్ వ్యాఖ్యాత్రి ఓప్రా విన్‌ఫ్రీకి స్వయంగా ఉత్తరం వ్రాశాడు. ఆమె పిలిచింది. ఆల్బమ్ తొలివారంలోనే 2,36,000 ప్రతులు అమ్ముడై అమెరికా పట్టికలో మొదటి స్థానానికి చేరింది. 2002 ఫిబ్రవరిలో, గ్రామీ బహుమతుల రాత్రి, ఐదు బహుమతులు ఆమెవే. ఒకే రాత్రి ఐదు అందుకున్న స్త్రీ అంతకుముందు లారిన్ హిల్ ఒక్కతే.

అప్పటి యౌవనకాలపు కథ ‘హెల్స్ కిచెన్’ అనే సంగీతనాటకమై 2024లో బ్రాడ్‌వేకు వచ్చింది. ప్రదర్శించిన షూబర్ట్ థియేటర్ 44వ వీధిలో ఉన్నది. మన్‌హట్టన్ ప్లాజా నుండి నడిచిపోయేటంత దూరం.