ఎండిన వాగులో నీరు

కృష్ణకు ఇరువైపుల ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వ్యాపించియున్న నల్లమల యడవిలో వేసవి నడుమ ఒక వాగును చూచినవారు, అది చచ్చిన వాగని తలంతురు. ఒడ్డునుండి ఒడ్డువఱకు తెల్లని యిసుకయే గాని నీటిచుక్క కానరాదు. అయినను తెల్లవాఱుజామున ఆ యిసుకపై దుప్పి గిట్టల గుర్తులు, ఎలుగుబంటి పాదముల జాడలు, ఏదుపంది యీడ్చిన ముండ్ల గీతలు కనబడును. నీరు లేని చోటికి ఇన్ని మృగములు ఏల వచ్చినవి?

నీరు ఇసుక క్రింద నున్నది. ఇసుక రేణువుల నడుమ సందులుండును. నిండుగా నానిన పది కుండల యిసుకలో ఇంచుమించు మూడు కుండల నీరు ఇముడును. వానకాలమున వాగు పారునపుడు ఆ సందులు నిండును. ప్రవాహము నిలిచిన పిదప ఎండ పైపొరను ఆర్చును గాని, లోపలి నీరు మూతపెట్టిన కుండలోని నీటివలె చాలకాలము నిలుచును. నల్లమలలో నివసించు చెంచులకు ఈ సంగతి తెలియును. వారు వాగులో గుంట త్రవ్వి, అందు ఊరిన నీటిని త్రాగుదురు. ఆ గుంటకే చెలమయని పేరు.

ఈ తేమవలన వాగు గట్టున వేఱొక యడవియే పెరుగును. కొండవాలునగల టేకు, చిరిమాను, నల్లమద్ది వేసవికి ఆకు రాల్చి మోడులగును. గట్టుమీది తెల్లమద్ది, నేరేడు, కానుగ, మేడి మాత్రము వేళ్లతో లోతుననున్న తేమను అందుకొని యించుమించు ఏడాది పొడుగునను పచ్చగా నుండును. ఈ పచ్చని పట్టీ వెడల్పు పెక్కుచోట్ల కొన్ని బారలే. మిట్టమధ్యాహ్నము కణుజు దీని నీడను వదలదు. చెట్టు దిగుటకు ఇష్టపడని బెట్టుడుత, కొమ్మలు కలిసియున్న ఈ గట్టు వెంటనే కొమ్మనుండి కొమ్మకు దుముకుచు దూరము పోగలదు. కొండముచ్చులు మేడిపండ్లను సగము కొఱికి సగము జార విడుచును. క్రింద దుప్పులు కాచుకొనియుండి వానిని ఏరుకొని తినును. పులి కంటబడినంతనే కొండముచ్చు చెట్టుపైనుండి కేకవేయును. ఇట్లు ఆ పొత్తువలన దుప్పికి తిండియు దొరకును, ప్రాణమును దక్కును.

అన్ని మృగములకును వాగు ఒకేవిధముగా అవసరము కాదు. మైదానములలో తిరుగు చింకారా జింక మేతలోని తేమతోనే చాలనాళ్లు గడపగలదు. దుప్పికి అది సాధ్యము కాదు. దుప్పి యున్నచోటికి పులి రాక తప్పదు. 1983లో పులుల సంరక్షణ పథకమున చేరిన ఈ యడవిలో, పూర్వము పులులను లెక్కించువారు వాగు ఇసుకలోని పాదముద్రలను వెదకెడివారు. ఇప్పుడు కెమెరాలు వచ్చినవి. వానిని సయితము తఱచుగా వాగు దారుల ప్రక్కనే అమర్చుచున్నారు.

నల్లమలలో ఏనుగుల మందలు లేవు. అవి చిత్తూరు సీమలోని పలమనేరు, కుప్పము అడవులలో గలవు. 1980వ దశకమున పొరుగు రాష్ట్రముల యడవులనుండి వచ్చి అక్కడ నిలిచినవి. వానికొఱకు 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. కౌండిన్య, కైగల్ అను ఏఱులు దానికి జీవనాధారములు. ఏనుగు సయితము చెలమ త్రవ్వ నేర్చిన జంతువే. అది కాలితో ఇసుకను త్రవ్వి, తొండముతో నీరు పీల్చుకొనును; అది పోయిన పిదప చిన్న మృగములు ఆ గుంటలో దప్పిక తీర్చుకొనును. ఎదిగిన ఏనుగు దినమునకు 100 లీటర్లకు మించి నీరు త్రాగును. వాగులో అంత నీరు దొరకనిచో అది చెఱువును, చెఱకుతోటను వెదకుకొనుచు ఊరి ముఖము పట్టును. ఒక్క రాత్రిలో పంట పోగొట్టుకొనిన రైతు దుఃఖము చిన్నది కాదు. ఏనుగును నిందించుటయు న్యాయము కాదు.

ఇసుకను అడుగు బండవఱకు తోడివేసినచో వాననీరు నిలుచుటకు చోటుండదు. వచ్చిన వరద వచ్చినట్లే పోవును. గట్టు చెట్ల వేళ్లు బయటపడి మ్రాకులు కూలును. చేరువనున్న బోరుబావులును ఎండును. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ఇట్టి త్రవ్వకమునకు హద్దులు విధించినది. ఇల్లు కట్టువానికి ఇసుక కావలసినదే. ఏ వాగునుండి, ఎంత లోతువఱకు తీయవలెననునదే చూడవలసిన విషయము.

అటవీశాఖవారు వేసవిలో అడవులందు సాసరు పిట్లను కట్టి, ట్యాంకర్లతోను సౌరశక్తి పంపులతోను నీరు నింపుచున్నారు. మెచ్చదగిన పనియే. కాని ఆ తొట్టి ప్రక్కన నేరేటి నీడ లేదు, మేడిపండు లేదు, పిల్లలతో దాగుటకు పొద లేదు. పలు మందలు ఒకేచోట మూతి పెట్టుటచే రోగములు అంటుకొను భయమును గలదు. చెలమలోని నీరు ఇసుకలో వడకట్టబడి వచ్చును. ఒకచోట ఎండినను మఱియొక మలుపున ఊరును. అందుచే మందలు వాగు పొడవునను చెదరి, వేఱువేఱు తావులలో త్రాగును.